పరికరానికి పేరు పెట్టేదెవరు?

లినక్స్ నడిచే కంప్యూటర్‌కి పెన్‌డ్రైవ్ తగిలిస్తే ఈరోజు దాని పేరు ఎస్‌డీబీ. రేపు అదే పెన్‌డ్రైవ్, అదే కంప్యూటర్, పేరు మాత్రం ఎస్‌డీసీ. వస్తువు మారలేదు కదా, పేరెందుకు మారింది? లినక్స్ కొత్తగా వాడేవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. ఎందుకంటే ఫార్మాట్ చేసే కమాండ్‌కి మనం ఇచ్చేది పేరే. నిన్నటి పేరు గుర్తుపెట్టుకుని ఈరోజు కొడితే చెరిగిపోయేది వేరే డిస్క్ కావచ్చు, అందులో ఏళ్ల తరబడి దాచుకున్న ఫొటోలుండొచ్చు.

ఈ ప్రశ్నకి జవాబు వెతుకుతూ వెళితే యాభై ఏళ్ల కిందటి ఒక నిర్ణయం దగ్గరికి చేరతాం. పరికరాన్ని నడపడం వేరు, దానికి పేరు పెట్టడం వేరు. నడపడం ఆపరేటింగ్ సిస్టమ్ నడిబొడ్డున ఉండే కెర్నెల్ చేయాలి, ఇంకెవరూ చేయలేరు. పేరు పెట్టడం మాత్రం ఆ యంత్రాన్ని వాడే మనిషి హక్కు. లినక్స్ అనుసరించే యూనిక్స్ మొదటి రోజుల్లోనే ఈ రెంటినీ విడదీసే వీలు కల్పించింది. ఆ వీలును పూర్తిగా వాడుకోవడానికి మాత్రం చాలాకాలం పట్టింది. ఆ ఆలస్యానికి కారణమేమిటో, చివరికి కుదిరిన ఏర్పాటు ఎందుకు సరైనదని నేను అనుకుంటున్నానో ఈ అధ్యాయంలో చెబుతాను.

పరికరం ఫైలైన తీరు

అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ 1969లో యూనిక్స్ పని మొదలుపెట్టారు. 1974లో ఇద్దరూ కలిసి దాని గురించి రాసిన వ్యాసంలో తమ దగ్గర ఫైళ్లు మూడు రకాలని చెప్పారు. మామూలు ఫైళ్లు, డైరెక్టరీలు, ప్రత్యేక ఫైళ్లు. ఈ మూడోరకం ఫైళ్లే పరికరాలకు ప్రతినిధులు. డిస్క్, టేపు, టెర్మినల్, చివరికి యంత్రపు జ్ఞాపకశక్తి కూడా డెవ్ అనే డైరెక్టరీలో ఒక్కో ఫైలుగా కనిపిస్తాయి. వాటిని చదవమన్నా, వాటిలోకి రాయమన్నా మామూలు ఫైలుకి వాడే ఆదేశాలే వాడతాం. కాకపోతే ఆ ఆదేశం వెళ్లి పరికరాన్ని కదిలిస్తుంది. వీటిని మనం పరికర ఫైళ్లు అని పిలుచుకుందాం.

దీనివల్ల కలిగే లాభాలు మూడని వాళ్లు ఆ వ్యాసంలోనే రాసుకున్నారు. ఫైలుతో వ్యవహారం, పరికరంతో వ్యవహారం వీలైనంతగా ఒకేలా ఉంటాయి. ఫైలు పేరు అడిగే ఏ ప్రోగ్రామ్‌కైనా దాని బదులు పరికరం పేరు ఇవ్వొచ్చు. ఫైళ్లకున్న కాపలా ఏర్పాట్లే పరికరాలకూ వర్తిస్తాయి. మూడో లాభం పైకి చిన్నదిగా కనిపిస్తుంది గానీ నిజానికి చాలా పెద్దది. ప్రింటర్‌ని ఎవరు వాడొచ్చు, డిస్క్‌ని నేరుగా ఎవరు చదవొచ్చు అని తేల్చడానికి వేరే చట్టం రాయనక్కర్లేదు. ఫైలుకి యజమాని, గుంపు, అనుమతులు ఉన్నట్టే పరికరానికీ ఉంటాయి.

పరికర ఫైలు లోపల ఏముంటుంది? దాదాపు ఏమీ ఉండదు. ఎల్‌ఎస్ కమాండ్‌ని వివరాలతో చూపమంటే మామూలు ఫైలు పరిమాణం కనిపించే చోట, దీనికి కామాతో విడదీసిన రెండు అంకెలు కనిపిస్తాయి. మొదటిది ప్రధాన సంఖ్య. ఏ డ్రైవర్‌ని పిలవాలో, అంటే ఆ జాతి పరికరాలను నడపడం తెలిసిన కెర్నెల్ భాగమేదో అది చెబుతుంది. రెండోది ఉప సంఖ్య. ఆ డ్రైవర్ చేతికింద ఉన్నవాటిలో ఏది అనేది దీన్నిబట్టి తేలుతుంది. వరుస మొదట్లో బీ అక్షరం ఉంటే అది డిస్క్‌లా ముక్కలు ముక్కలుగా ఎక్కడినుంచైనా చదవగలిగే బ్లాక్ పరికరం. సీ ఉంటే కీబోర్డ్‌లా, టెర్మినల్‌లా అక్షరాలు వరుసగా ప్రవహించే క్యారెక్టర్ పరికరం. కెర్నెల్‌కి ఈ మూడు విషయాలూ చాలు.

జాగ్రత్తగా చూస్తే ఈ జాబితాలో పేరు లేదు. రాసిందల్లా మింగేసి ఏమీ తిరిగివ్వని నల్ అనే పరికరానికి లినక్స్‌లో ప్రధాన సంఖ్య 1, ఉప సంఖ్య 3. అధికారమున్న వాడుకరి ఎంకేనాడ్ అనే కమాండ్‌తో అవే అంకెలు ఇచ్చి ఇంకో ఫైలు సృష్టించి, దానికి తెలుగు లిపిలోనే శూన్యం అని పేరు పెట్టినా అది అచ్చంగా నల్ చేసే పనే చేస్తుంది. కెర్నెల్ ఆ పేరును పట్టించుకోదు, పట్టించుకోవాల్సిన అవసరమూ లేదు. నా వాదనకు మొదటి ఆధారం ఇదే. పేరు డైరెక్టరీలో ఉంటుంది, డైరెక్టరీ మనిషి చేతిలో ఉంటుంది, కెర్నెల్ చూసేది అంకెల్నే.

పరికరాల పేర్లను డైరెక్టరీలో కాకుండా వ్యవస్థ లోపలే బిగించేస్తే ఏమవుతుందో తెలియాలంటే డాస్ చరిత్ర చూడాలి. మొదటి డాస్‌లో డైరెక్టరీలే లేవు. అందుకని కాన్, ఆక్స్, నల్ వంటి పేర్లు పరికరాలకు నేరుగా కేటాయించారు. 1983లో డాస్ రెండో వెర్షన్‌తో డైరెక్టరీలు వచ్చాయి. అయితే పాత ప్రోగ్రాములు ఆగిపోకూడదని ఆ పేర్లను ప్రతి డైరెక్టరీలోనూ చెల్లేలా ఉంచేశారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు విండోస్ వాడుకరులు కాన్ అనే పేరుతో ఫోల్డర్ చేయబోతే యంత్రం కుదరదంది. అలా ఎందుకంటోందో చాలామందికి తెలియనే లేదు.

అంకెల కరువు

యూనిక్స్ వీలు కల్పించిందన్నాను. మరి లినక్స్ దాన్ని ఎందుకు వాడుకోలేకపోయింది? అంకెలు చాలకపోవడం మొదటి కారణం. లినక్స్‌లో చాలాకాలం ప్రధాన సంఖ్యకు 8 బిట్లు, ఉప సంఖ్యకు 8 బిట్లు మాత్రమే ఉండేవి. 8 బిట్లలో 256 విలువలు పడతాయి. స్కజీ డిస్క్‌లకు ప్రధాన సంఖ్య 8 కేటాయించారు. ఒక్కో డిస్క్‌కి 16 ఉప సంఖ్యలు ఇచ్చారు. మొత్తం డిస్క్‌కి ఒకటి, దాని పార్టిషన్లకు, అంటే విడదీసిన భాగాలకు, పదిహేను. ఎస్‌డీఏకి 8, 0. అందులో మొదటి పార్టిషన్‌కి 8, 1. ఎస్‌డీబీకి 8, 16. ఇలా లెక్కేస్తే ఒక ప్రధాన సంఖ్య కింద పట్టేవి 16 డిస్క్‌లే. పెద్ద సర్వర్లలో పదిహేడో డిస్క్ వచ్చినప్పుడు ఇంకో ప్రధాన సంఖ్య కేటాయించాల్సి వచ్చింది.

ఏ పరికరానికి ఏ సంఖ్య, ఏ పేరు అని లెక్క రాసిపెట్టడానికి ఒక జాబితా తయారైంది. దాన్ని చాలాకాలం హెచ్. పీటర్ ఆన్విన్ చూసుకున్నారు. కొత్త పరికరం తయారుచేసినవాళ్లు ఆయన్ని అడిగి సంఖ్య పుచ్చుకునేవారు. ఇంకోవైపు, లినక్స్ ఇన్‌స్టాల్ చేస్తున్నప్పుడు మేక్‌డెవ్ అనే స్క్రిప్టు డెవ్ డైరెక్టరీని నింపేసేది. యంత్రంలో ఏముందో చూసి కాదు, ఎప్పుడైనా ఏదైనా ఉండొచ్చునన్న ఊహతో. అందుకే ఒక్క డిస్క్, ఒక్క కీబోర్డ్ ఉన్న కంప్యూటర్‌లో కూడా వేలకొద్దీ పరికర ఫైళ్లు కనిపించేవి. వాటిలో చాలావాటి వెనక పరికరమే ఉండేది కాదు. 2001లో లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఇక కొత్త సంఖ్యలు ఇవ్వడం ఆపేస్తున్నామని ప్రకటించడంతో దారి మార్చక తప్పని పరిస్థితి వచ్చింది.

2003 డిసెంబరులో వచ్చిన 2.6 కెర్నెల్‌లో ప్రధాన సంఖ్యకు 12 బిట్లు, ఉప సంఖ్యకు 20 బిట్లు ఇచ్చారు. ఉప సంఖ్యలే పది లక్షలు దాటాయి. అంకెల కరువు తీరింది, పేర్ల గొడవ తీరలేదు. అసలు చిక్కు మరోచోట ఉంది.

వరుసలో ఎన్నోది?

పాత ఐడీఈ డిస్క్‌లకు లినక్స్ పెట్టిన పేర్లు హెచ్‌డీఏ, హెచ్‌డీబీ, హెచ్‌డీసీ, హెచ్‌డీడీ. ఇవి చోటును చెప్పే పేర్లు. మదర్‌బోర్డులో మొదటి కేబుల్‌కి ప్రధానంగా తగిలించింది హెచ్‌డీఏ, దానికే రెండోదిగా తగిలించింది హెచ్‌డీబీ, రెండో కేబుల్‌కి ప్రధానంగా ఉన్నది హెచ్‌డీసీ. మధ్యలో హెచ్‌డీబీ లేకపోయినా హెచ్‌డీసీ పేరు హెచ్‌డీసీయే. స్కజీ డిస్క్‌ల పద్ధతి ఇలాంటిది కాదు. కెర్నెల్‌కి మొదట కనిపించింది ఎస్‌డీఏ, తర్వాత కనిపించింది ఎస్‌డీబీ. యూఎస్‌బీ పెన్‌డ్రైవ్‌లనూ, తర్వాత వచ్చిన సాటా డిస్క్‌లనూ లినక్స్ స్కజీ కుటుంబంలోనే చేర్చింది. 2007 ప్రాంతంలో పాత ఐడీఈ డిస్క్‌లు కూడా కొత్త డ్రైవర్ల కిందికి మారాయి. నిన్నటిదాకా హెచ్‌డీఏగా ఉన్న డిస్క్ కెర్నెల్ మార్చుకోగానే ఎస్‌డీఏ అయింది. పాత పేరు రాసిపెట్టుకున్న యంత్రాల్లో కొన్ని పైకి లేవలేదు. పాత పద్ధతిలో ఒక డిస్క్‌కి 63 పార్టిషన్ల వరకూ చోటుండేది, కొత్తలో అప్పట్లో పదిహేనుకే ఉండేది. ఆ ఇబ్బంది కొద్దిమందికే తగిలింది. మిగతా అందరికీ తగిలిన దెబ్బ, చోటును చెప్పే పేరు పోయి వరుసను చెప్పే పేరు రావడం.

రేషన్ షాపు ముందు నిలబడ్డ వరుసను ఊహించండి. డీలర్ వచ్చిన వాళ్లను ఒకటో మనిషి, రెండో మనిషి, మూడో మనిషి అని పిలిస్తే ఆ పూట సరుకులు ఇవ్వడానికి ఇబ్బందేమీ ఉండదు. రేపు కూడా మూడో మనిషికి రెండు కిలోల బియ్యం బాకీ ఉందని పుస్తకంలో రాసుకుంటే మాత్రం గొడవ తప్పదు. రేపటి వరుసలో మూడోచోట ఇంకెవరో ఉంటారు. అందుకే పుస్తకంలో వరుస సంఖ్య రాయరు. కార్డు నంబరో, ఇంటి నంబరో, మనిషి పేరో, వేలిముద్రో చూస్తారు. ఇవి నాలుగూ ఒకటి కావు. మనిషి ఇల్లు మారితే ఇంటి నంబరు పనికిరాదు. ఒకే పేరుతో ఊళ్లో ఇద్దరుండొచ్చు. అయినా వరుసలో స్థానంతో పోలిస్తే నాలుగూ నయమే.

ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అనేవి ఇలా వరుసలో స్థానాలే. పైగా కొత్త కెర్నెళ్లు వేగం కోసం అనేక పరికరాలను ఒకేసారి వెతుకుతాయి. ఒక డిస్క్ తిరగడం అందుకోవడానికి కాస్త ఎక్కువ సమయం తీసుకుంటే ఈరోజు దానికంటే ముందు వేరేది నమోదవుతుంది. మొదట్లో అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే. తీసేసిన పెన్‌డ్రైవ్ ఇంకా ఏదో ప్రోగ్రామ్ పట్టులో ఉన్నా, దానికంటే ముందు ఇంకో డ్రైవ్ తగిలించినా ఎస్‌డీబీ అనే స్థానం అప్పటికే నిండి ఉంటుంది. మన పెన్‌డ్రైవ్‌కి తర్వాతి స్థానం దక్కుతుంది.

పేరు కెర్నెల్ పెట్టాలా, బయటివాళ్లు పెట్టాలా?

దీనికి రెండు పరిష్కారాలు వచ్చాయి. మొదటిది రిచర్డ్ గూచ్ రాసిన డెవ్‌ఎఫ్‌ఎస్. 2000లో కెర్నెల్‌లోకి చేరింది. డెవ్ డైరెక్టరీని ముందే నింపకుండా, పరికరం కనిపించినప్పుడు కెర్నెలే ఆ ఫైలును సృష్టిస్తుంది, పోయినప్పుడు తీసేస్తుంది. వేలకొద్దీ ఉత్తుత్తి ఫైళ్ల బెడద వదిలింది. ఇది నిజంగా గొప్ప మెరుగుదల. దాంతోపాటే పేర్ల పద్ధతి కూడా కెర్నెల్ లోపలికి వెళ్లిపోయింది. డిస్క్‌లకు హోస్ట్, బస్, టార్గెట్ అంటూ అంచెలంచెలుగా పొడవాటి పేర్లు వచ్చాయి. అవి నచ్చనివాళ్లు కెర్నెల్‌ని మార్చుకోలేరు గదా. ఒకేసారి రెండు పనులు తలపడితే తప్పు జరిగే లోపాలు కూడా ఆ కోడ్‌లో ఉన్నాయని విమర్శలొచ్చాయి. 2006కల్లా దాన్ని కెర్నెల్ నుంచి తీసేశారు.

రెండోది యూడెవ్. గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ 2003లో దీన్ని ప్రతిపాదించారు. పరికరం వచ్చిందనీ, దాని ప్రధాన, ఉప సంఖ్యలు ఇవనీ, తయారీదారు, సీరియల్ నంబర్ ఫలానా అనీ కెర్నెల్ తెలియజేస్తుంది. కెర్నెల్ బయట మామూలు ప్రోగ్రామ్‌గా నడిచే యూడెవ్ ఆ కబురు విని, నియమాల ఫైళ్లు చూసి, పేరేమిటో, ఎవరికి అనుమతి ఇవ్వాలో తేలుస్తుంది. ఆ నియమాలు మామూలు పాఠ్య ఫైళ్లు, అధికారమున్న వాడుకరి ఎవరైనా దిద్దుకోవచ్చు. ఈ సీరియల్ నంబరున్న డిస్క్ కనిపిస్తే దానికి బ్యాకప్ అనే పేరు కూడా పెట్టు అని ఒక్క వరుస రాస్తే చాలు, ఏ రంధ్రంలో పెట్టినా, ఏ వరుసలో వచ్చినా ఆ పేరు దాన్ని అంటిపెట్టుకునే ఉంటుంది.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం ఉంది. 2009 చివర్లో వచ్చిన 2.6.32 కెర్నెల్‌లో డెవ్‌టెంప్‌ఎఫ్‌ఎస్ అనేది చేరింది. అందులో పరికర ఫైళ్లను మళ్లీ కెర్నెలే సృష్టిస్తుంది. దాన్ని రాసినవాళ్లలో గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ కూడా ఉన్నారు. అయితే చివరికి డెవ్‌ఎఫ్‌ఎస్ వాదనే గెలిచినట్టు కాదా? యంత్రం లేచే తొలి క్షణాల్లో యూడెవ్ ఇంకా మొదలుకాకముందే పరికర ఫైళ్లు కావాలన్న మాట నిజం. ఆ అవసరాన్ని తేలిగ్గా తీసేయలేం. కానీ ఎవరి చేతిలో ఏముందో చూడండి. డెవ్‌టెంప్‌ఎఫ్‌ఎస్‌లో కెర్నెల్ ఇచ్చేది తాత్కాలికమైన పొట్టి పేరు, అంటే వరుసలో స్థానం. అది అచ్చంగా కెర్నెల్‌కి తెలిసిన విషయమే. దానిమీద అనుమతులు దిద్దడం, శాశ్వతమైన పేర్లు తగిలించడం యూడెవ్ చేతిలోనే ఉండిపోయాయి. ఆ పేర్లు అసలు ఫైళ్లు కావు, అసలు ఫైలు ఎక్కడుందో చూపించే లింకులు. ఒకే పరికరానికి అలాంటివి ఎన్నైనా ఉండొచ్చు. నాకు ఇది ఓటమిలా కనిపించదు. ఎవరికి తెలిసింది వాళ్లు చెప్పే పద్ధతి ఇది.

నాలుగు ఆనవాళ్లు

ఇప్పటి లినక్స్ యంత్రంలో డెవ్ కింద డిస్క్ అనే డైరెక్టరీ తెరిస్తే బై-పాత్, బై-ఐడీ, బై-యూయూఐడీ, బై-లేబుల్ అని నాలుగు డైరెక్టరీలు కనిపించవచ్చు. నాలుగింటిలోనూ ఉన్నవి అవే డిస్క్‌లు. ఒక్కోటీ ఒక్కో రకం ఆనవాలు పట్టుకుని పేరు పెడుతుంది. బై-పాత్ ఎక్కడ తగిలించారో చెబుతుంది. సర్వర్ పెట్టెలో ఫలానా గడిలో ఉన్న డిస్క్ చెడిపోతే, కొత్తది ఏదైనా సరే అదే గడిలో పెట్టాలనుకునేవాళ్లకు ఇదే కావాలి. బై-ఐడీ వస్తువును పట్టుకుంటుంది, తయారీదారు పేరు, మోడల్, సీరియల్ నంబర్ కలిపి రాస్తుంది. చవక యూఎస్‌బీ పరికరాల్లో కొన్నిటికి సీరియల్ నంబరే ఉండదు, కొన్ని ఒకే నంబరుతో వస్తాయి. అక్కడ ఇది దెబ్బతింటుంది.

బై-యూయూఐడీ వస్తువును కాక లోపలి సరుకును గుర్తిస్తుంది. ఫార్మాట్ చేసేటప్పుడు ఫైల్ సిస్టమ్‌లో 128 బిట్ల సంఖ్య ఒకటి రాస్తారు. అంత పెద్ద సంఖ్య కాబట్టి రెండు డిస్క్‌లకు యాదృచ్ఛికంగా ఒకటే రావడం జరగదనే అనుకోవచ్చు. పెన్‌డ్రైవ్‌లలో తరచు కనిపించే ఫ్యాట్ పద్ధతిలో మాత్రం ఇది ఎనిమిది అంకెల పొట్టి గుర్తే. యంత్రం లేచినప్పుడు ఏ డిస్క్‌ని ఎక్కడ కలపాలో చెప్పే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైలులో ఇప్పటి లినక్స్ పంపిణీలు ఎక్కువగా రాసేది ఈ సంఖ్యనే. అది సరైన ఎంపిక, ఎందుకంటే అక్కడ మనకు కావలసింది ఇనుప పెట్టె కాదు, అందులోని ఫైళ్లు. దీనికీ ఒక లొసుగుంది. డిస్క్‌ని ఉన్నదున్నట్టు ఇంకో డిస్క్‌లోకి ఎక్కిస్తే ఆ సంఖ్య కూడా వెళ్తుంది. రెండూ ఒకే యంత్రంలో ఉంటే అసలేదో నకలేదో ఆ సంఖ్య చెప్పలేదు. కాబట్టి నకలు తీసిన వెంటనే దాని సంఖ్య మార్చాలి. ఇక బై-లేబుల్ మనిషి పెట్టుకున్న పేరు. నోటికి తేలిక, కానీ రెండు పెన్‌డ్రైవ్‌లకు పాటలు అని ఒకే పేరు పెట్టకుండా చూసుకోవాల్సింది మనమే.

చేతిలోని ఆండ్రాయిడ్ ఫోన్ లోపల నడిచేదీ లినక్స్ కెర్నెలే. అక్కడ యూడెవ్ లేదు, దాని స్థానంలో యూఈవెంట్‌డీ అనే చిన్న ప్రోగ్రామ్ ఉంది. ఫోన్ నిల్వలో పదుల కొద్దీ పార్టిషన్లుంటాయి, ఏది ఎన్నోదన్నది ఒక్కో తయారీదారు దగ్గర ఒక్కో రకం. అందుకే అక్కడ బై-నేమ్ అనే డైరెక్టరీ పెట్టి, బూట్, సిస్టమ్ వంటి పేర్లతో పార్టిషన్లను వెతుక్కుంటారు.

ఇన్ని పేర్లెందుకు, ఒక్కటి ఖాయం చేయొచ్చు కదా అనే అభ్యంతరం తరచు వినబడుతుంది. ముప్పై రెండు అక్షరాల సంఖ్యను మనిషి చదవగలడా అని కూడా అడుగుతారు. చదవలేడు, నిజమే. అయితే పేరును వాడే సందర్భాలు రెండున్నాయి. ఇప్పుడే తెర మీద చూసి ఇప్పుడే కొట్టే పేరు పొట్టిగా ఉండాలి, దానికి ఎస్‌డీబీ చాలు, సరిచూసుకుంటే సరి. ఫైలులో రాసిపెట్టి రేపూ ఎల్లుండీ మనం లేనప్పుడు యంత్రం చదవాల్సిన పేరు పొడవైనా పరవాలేదు, మారకూడదు. ఒకే పేరు రెండు పనులూ చేయాలని పట్టుబట్టడం వల్లే ఇన్నేళ్ల గందరగోళం వచ్చింది. నాలుగు ఆనవాళ్లలో ఏదో ఒకటే అసలైనదని కెర్నెల్ తేల్చేస్తే మిగతా మూడు అవసరాలున్నవాళ్లకు అన్యాయం జరుగుతుంది.

ఫైలు లేని పరికరం

యూనిక్స్‌లో అంతా ఫైలే అనే మాట ప్రచారంలో ఉంది. అది పూర్తిగా నిజం కాదని ఒప్పుకోవాలి. నెట్‌వర్క్ కార్డుకి డెవ్‌లో ఫైలు లేదు. బెర్క్‌లీ విశ్వవిద్యాలయంలో 1983లో వెలువడిన యూనిక్స్ రూపంలో నెట్‌వర్క్ కోసం సాకెట్లు అనే వేరే ద్వారం తెరిచారు, లినక్స్ ఆ దారిలోనే నడిచింది. బెల్ ల్యాబ్స్‌లోనే తర్వాత రూపొందిన ప్లాన్ 9 నెట్‌వర్క్‌ని కూడా ఫైళ్లుగానే చూపింది గానీ, అది వాడుకలో విస్తరించలేదు.

దీన్ని నా వాదనకు వ్యతిరేకంగా చూపించవచ్చు. పరికర ఫైళ్లు అంత గొప్పవైతే నెట్‌వర్క్ వాటిని వదిలేసి ఇంతకాలం ఎలా నడిచింది? నడిచింది, కానీ పేర్ల విషయంలో అందరికంటే ఎక్కువ ఇబ్బంది పడింది కూడా అదే. ఎత్0, ఎత్1 అనే పేర్లు కూడా వరుసలో స్థానాలే. రెండు కార్డులున్న సర్వర్‌లో అవి తారుమారైతే బయటి ఇంటర్నెట్‌కి పెట్టిన కాపలా నియమాలు లోపలి కార్డుకి అంటుకుంటాయి, బయటి ద్వారానికి కాపలా ఉండదు. డిస్క్‌కైతే పాత పేరు అలాగే ఉంచి పక్కన ఇంకో లింకు పెట్టొచ్చు. ఫైలే లేనిదానికి లింకు ఎక్కడ పెట్టాలి? పేరు ఒక్కటే కాబట్టి పాతది తీసేసి కొత్తది పెట్టడం తప్ప మార్గం లేకపోయింది. 2013 జనవరిలో యూడెవ్ అదే చేసింది. కార్డు ఏ బస్‌లో ఏ గడిలో ఉందో చెప్పే ఈఎన్‌పీ3ఎస్0 వంటి పేర్లు వచ్చాయి. దశాబ్దాల అలవాటు పోయినందుకు చాలామంది నొచ్చుకున్నారు, పాత పేర్లు రాసిపెట్టుకున్న స్క్రిప్టులు ఆగిపోయాయి. పైగా ఆ పేరుకి 15 అక్షరాల హద్దుంది, పూర్తి చిరునామా అందులో ఒక్కోసారి పట్టదు.

2020 జనవరిలో వచ్చిన 5.5 కెర్నెల్‌లో నెట్‌వర్క్ కార్డుకి అదనపు పేర్లు పెట్టుకునే వీలు కల్పించారు. ఒకే కార్డుకి ఎన్నో పేర్లు, అవీ 15 అక్షరాల హద్దు దాటినవి, అసలు పేరును కదపకుండానే పెట్టుకోవచ్చు. డిస్క్‌లకు డైరెక్టరీలోని లింకుల వల్ల అప్పనంగా దొరికిన సదుపాయాన్ని నెట్‌వర్క్ కోసం కెర్నెల్ లోపల మళ్లీ కొత్తగా కట్టాల్సి వచ్చింది.